రెల్లుబాట మీద బావ

పెళ్లయి రెండు నెలలు నిండకుండానే ఆమెకు ఆదివారాల పిచ్చి పట్టుకుంది. మేనత్త కొడుకే మొగుడైతే అదో సుఖం, కొత్తగా సిగ్గుపడే పని ఉండదు. వారమంతా బడి బస్సు నడిపే బావ ఆ ఒక్కరోజూ ఆమె సొంతం. సముద్రపు పాయ ఒడ్డున, తడినేలల మధ్య చదునుగా సాగే బాట మీద ఇద్దరూ అద్దె సైకిళ్లు తొక్కుతున్నారు. అటు రెల్లు, ఇటు బురద, బురదలో పొడుగుకాళ్ల పిట్టలు. ఎప్పటిలాగే ఆమె ముందు, బావ వెనక.

"పక్కన రాకూడదా బావా? నా వీపు అంత బాగుందా?"

"బ్రహ్మాండం! ఆ ఎర్ర చొక్కా మాత్రం మానకు."

ఆమె మురిసిపోయింది.

మలుపులో ఓ తల్లి పిట్ట పిల్లల్ని వెంటేసుకుని బాట దాటుతోంది. ఆమె ముచ్చటపడి పక్కకు తప్పుకుని, చెయ్యెత్తింది. బావ ఆగలేదు. నేరుగా వాటి మీదికే వచ్చాడు.

"బావా, ఆగు!"

బ్రేకు కీచుమంది. తల్లి రెక్కలు కొట్టుకుంటూ అరిచింది. పిల్లలు రెల్లులోకి దొర్లిపోయాయి.

"ఏంటి, బాటలో గుంట ఉందా?" అన్నాడు బావ.

అతను పిట్టల్ని చూడనేలేదు. ఏమీ లేని నీళ్ల వైపు చెయ్యి చూపించింది.

"ఆ కర్ర మీద ఏ పిట్టో చెప్పు."

"కొంగ."

"అక్కడ కర్రే లేదు బావా."

బావ సైకిల్ దిగి నేల మీద కూలబడ్డాడు. "పక్కలు కనిపిస్తాయే. నడిమధ్యే మసక. పెళ్లికి ముందు నుంచీ."

వెనకెనకే రావడం ముద్దనుకుంది తను.

"మరి బస్సు?"

"రూటు కంఠతా వచ్చు."

"రోడ్డు మీదికి పరిగెత్తుకొచ్చే పిల్లలు కూడా కంఠతా వచ్చా?"

"నాకొచ్చిన పని అదొక్కటే. మామయ్యకి ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"మా నాన్న సంగతి నేను చూసుకుంటా. బడి మేనేజరుకి ఫోన్ చెయ్యి."

"రేపు డాక్టరుకి చూపించుకున్నాక..."

"రేపు పొద్దున్నే పిల్లలు ఎక్కుతారు."

బావ జేబులోంచి ఫోను తీశాడు. దాన్ని ఆమెకే ఇచ్చాడు. "నంబరు నువ్వే తియ్యి. నాకు కనపడదు."

ఆ మాట అతని నోట వినడం అదే మొదటిసారి. ఆమె నంబరు నొక్కి, ఫోను అతని చేతిలో పెట్టింది.

"సార్, రేపటి నుంచి నేను బండెక్కను." అవతలి గొంతు చిరాగ్గా ఏదో అడిగింది. తనే జవాబు చెప్పేద్దామనిపించి ఆమె పెదవి కొరుక్కుంది.

"కాదు సార్," అన్నాడు బావ, "సెలవు కాదు."