ఆర్డిస్‌ని అడిగి కొనండి

ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, చేతిలో మైనపు గుడ్డతో, మంచు మీద జారే స్కీ పలక అడుగుభాగం రుద్దుతోంది ఆర్డిస్. అవతల మిషిగన్ నుంచి ఎవరో బేకరీ యజమాని. పావుగంట నుంచి తన ప్రతాపం తనే చెప్పుకుంటున్నాడు. ఎంత నిట్టనిలువు వాలైనా తనకి లెక్కలేదట. తను దిగుతుంటే, తీగకి వేలాడే లిఫ్ట్ కుర్చీల్లో కొండెక్కేవాళ్లు మెడలు తిప్పి చూస్తారట. అందుకని వీడియోలో చూసిన ఆ వెడల్పాటి, బిరుసైన జతే కావాలట.

ఆమె ఊఁ కొడుతూనే ఉంది. ఆ ఊఁలో వెటకారం లేదు. సంబంధం మాట్లాడేటప్పుడు పిల్లాడి జీతం నాలుగు రాళ్లు పెంచి చెప్పినట్టు, స్కీలు కొనేటప్పుడు ప్రతివాడూ తన కాళ్ల గురించి కొంచెం పెంచే చెబుతాడు. ఎవడైనా పాతికేళ్ల వయసులో ఉన్న తనకోసమే కొనుక్కుంటాడు. ఆ సంగతి ఆర్డిస్‌కి తెలుసు, కోపం రాదు.

అతను ఊపిరి తీసుకోడానికి ఆగినప్పుడు అంది. "అంతా విన్నానండీ. ఒక్కటి చెప్పండి. సాయంత్రం ఆఖరిసారి దిగొచ్చి స్కీలు విప్పేస్తారు చూడండి, అప్పుడు మీకు ఎక్కడ నొప్పి?"

అతని గొంతులో జోరు తగ్గింది.

"తొడలు. ముందువైపు మంటెత్తిపోతాయి."

"కూర్చోడానికి ఏదైనా కనిపిస్తే చాలనిపిస్తుందా?"

"అవునండీ. మా ఆవిడ గానీ ఫోన్ చేసిందా మీకు?"

"లేదు, మీ తొడలే చెప్పాయి. స్కీ మీ మాట వినక మీరు వెనక్కి వాలిపోతున్నారు. ఆ వెడల్పుది ఇంకా మొండిది. దాన్ని అలా ఉంచండి. కాస్త సన్నగా, మెత్తగా ఉండేది ఒకటి చెబుతాను, రాసుకోండి."

రాసుకున్నాడు. పొద్దుటి నుంచి ఇలాంటివాళ్లు ఎంతమందో. నవంబరు వచ్చి బోడికొండ నెత్తిన తెల్లటి టోపీ పడిందంటే ఆ ఫోనుకి ఊపిరాడదు.

ఈ మోంటానా ఊళ్లో ఒకప్పుడు వెన్న తీసిన కార్ఖానాలో ట్రెవర్ స్కీలు చేస్తాడు. చేసేది అతనూ ఇద్దరు పనివాళ్లూ. దుకాణం లేదు, మధ్యలో వ్యాపారి లేడు. చేసినవి చేసినట్టు కొనేవాళ్ల గుమ్మానికే వెళ్లిపోతాయి. చూడకుండా, ముట్టుకోకుండా కొనాలంటే ఎవరికైనా గుండె పీచుపీచుమంటుంది కదా. అందుకే వెబ్‌సైట్‌లో ప్రతి జత బొమ్మ కిందా ట్రెవర్ ఒకే మాట పెట్టాడు, "ఆర్డిస్‌ని అడిగి కొనండి" అని. ఆమె సరే అనకుండా అక్కడినుంచి ఒక్క స్కీ బయటికి పోదు. తాము అడిగిన జత వద్దన్నందుకు పోట్లాడి ఫోను పెట్టేసినవాళ్లు కూడా మర్నాడు మళ్లీ చేస్తారు.

ఆర్డిస్ పొట్టి మనిషి. చెంపల మీద చలికి చిట్లిన ఎర్రటి నరాలు, కుడి మోకాలికి పాత దెబ్బ, చొక్కా చేతులు ఎప్పుడూ మోచేతుల దాకా మడతే. ఇక్కడికి రాకముందు ఇరవై పైచిలుకు శీతాకాలాలు బోడికొండ లిఫ్ట్ కింద నిలబడి, వచ్చిన కుర్చీని వచ్చినట్టు పట్టుకుని మనుషుల్ని ఎక్కించింది. గాలికి కనుబొమల మీద మంచు గడ్డకట్టేది. ముఖాలకి ముసుగులుండేవి కాబట్టి ఆమె కాళ్లే చూసేది. క్యూలో పాదాలు జరిపే తీరుని బట్టి వీడు పైనుంచి ఎలా దిగుతాడో చెప్పేసేది. మొగుడు గ్లెన్ రాత్రిళ్లు మంచు చదును చేసే బండి నడిపేవాడు. అలాస్కాలో పని దొరికిందని వెళ్లాడు. మొదట వారానికోసారి ఫోను, తర్వాత పండక్కోసారి, ఆ తర్వాత అదీ లేదు. గ్లెన్ ఉన్నప్పుడు సెలవురోజు ఇద్దరూ కలిసి కొండెక్కేవాళ్లు. అతను వెళ్లిపోయాక ఆమె పనికి తప్ప కొండ మొహం చూడలేదు. ఏమని అడిగితే మోకాలు అనేది.

పదకొండు దాటాక కిటికీలోంచి ఒక పాత పికప్ ట్రక్ కనిపించింది. అందులోంచి హాలిస్ దిగాడు. గడ్డకట్టిన పెరట్లో నడిచి వస్తుంటే ఆర్డిస్ గుడ్డ పక్కన పెట్టి అతని కాళ్లే చూసింది. ఎడమ కాలు ముందు పడుతోంది. కుడిది అడిగి అడిగి వస్తోంది.

హాలిస్‌ని ఆ ఊళ్లో తెలియనివాళ్లు లేరు. కొండమీద దెబ్బలు తగిలినవాళ్లని కిందికి చేర్చే దళంలో జీవితమంతా పనిచేశాడు. ఒకసారి తుపానులో లిఫ్ట్ ఆగిపోయి జనం కుర్చీల్లో వేలాడుతుంటే, పైన అతను తాడు కట్టాడు, కింద ఆర్డిస్ తాడు పట్టుకుంది. చీకటి పడేదాకా ఒక్కొక్కరినీ దించారు. ఆ రోజు గురించి ఇద్దరూ ఎన్నడూ మాట్లాడుకోలేదు. ఇప్పుడతనికి డెబ్బై దాటాయి. వేసవిలో కుడి తుంటి ఎముక మార్చారు.

"కాఫీ ఉందా, లేకపోతే ఫోన్లోవాళ్లకేనా మర్యాదలు?" అన్నాడు లోపలికొస్తూ.

"ఫోన్లోవాళ్లు నీలాగ బూట్లకి మంచు మోసుకుంటూ రారు. కూర్చో."

కూర్చోలేదు. టోపీ తీసి చేతిలో నలుపుతూ నిలబడ్డాడు. "జోలీన్ ఇంక కొండెక్కడం మానెయ్యమంటోంది. నా కూతురే అయినా అరిచేటప్పుడు వాళ్లమ్మ దిగొస్తుంది. డాక్టరు ఎక్కమనడు, వద్దనడు, భుజం తడతాడు. అందరూ నన్ను బుజ్జగించేవాళ్లే. నువ్వు చెప్పు, ఆర్డిస్. ఈ కాళ్లకి సరిపడే జత నీ దగ్గరుందా? ఉందంటే ఎక్కుతాను. లేదంటే ఇంక అడగను. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుంటాను."

"అంత బరువు తెచ్చి నా నెత్తిన పెడతావేంటయ్యా?"

"నీ నెత్తయితే గట్టిది."

ఆమె నవ్వలేదు. కిటికీ దగ్గర కుర్చీ వేసుకున్నవాళ్లని ఆమె చూసింది. కొండమీదికి వెళ్లడం మానిన మగవాళ్లు రెండు మూడు శీతాకాలాల్లో ఆ కుర్చీలాగే అయిపోతారు. తను సరే అన్నాక అతను ఏ రాతికో కొట్టుకుంటే? జోలీన్ మొహం జీవితాంతం తను చూడాలి.

"బూట్లు విప్పు," అంది.

మేజోళ్లతో సిమెంటు గచ్చు మీద నిలబెట్టింది. మోకాళ్లు వంచమంది. బరువు ఆ కాలి మీదికీ ఈ కాలి మీదికీ మార్చమంది. చుట్టూ తిరిగింది. ఫోను మోగుతుంటే మోగనిచ్చింది. కుడివైపు బరువు పడిన ప్రతిసారీ అతని దవడ బిగుస్తోంది, కానీ కాలు నిలుస్తోంది. కష్టంగానే, నిలుస్తోంది.

"ఎక్కడ నొప్పో అడగవా?" అన్నాడు.

"నువ్వు అబద్ధం చెబుతావు. ఇంకాసేపు నిలబడు."

లోపలికి వెళ్లి ఒక స్కీ తెచ్చింది. పొట్టిది, నీలం రంగుది. హాలిస్ దానికేసి, ఆమెకేసి చూశాడు.

"ఇది ఆడవాళ్లది కదే."

"దానికా సంగతి తెలీదులే."

"నా మనవరాలి పొడవుంది."

"మనవరాలు నీకంటే బాగా దిగుతోందని విన్నాను."

అతను నోట్లో ఏదో గొణుక్కుని, స్కీ తోక నేలకి ఆనించి, కొస పట్టుకుని, దాని నడుం దగ్గర అరచేత్తో నొక్కాడు. వెదురులా తేలిగ్గా వంగింది.

"మరీ ఇంతగా వంగుతుందేం?"

"నువ్వు వంగలేవు కాబట్టి అదే వంగాలి. కానీ ఇది ఇలాగే ఇవ్వను. మడమ వెనక గట్టి మేపుల్ చెక్క పలక ఇంకోటి పెట్టిస్తాను. మధ్యాహ్నానికి నీ తుంటి అలిసిపోయి వెనక్కి పడతావు. అప్పుడు అది నిన్ను పట్టుకోవాలి."

హాలిస్ చాలాసేపు ఆ స్కీ వదల్లేదు. "అయితే ఉందన్నట్టేనా?"

"ఉంది. ఒంటరిగా ఎక్కనంటేనే."

"ఎవరున్నారు నాతో ఎక్కడానికి? లెస్టర్ పోయాడు. డేల్ అరిజోనా వెళ్లి గోల్ఫ్ ఆడుతున్నాడు, వాడూ పోయినట్టే."

"ముందు జత తయారవనీ," అంది ఆర్డిస్, బూట్లు అతని ముందుకి జరుపుతూ.

అతను వెళ్లాక ఆమె రొట్టె, జింకమాంసం సాసేజ్ విప్పుకుంది గానీ సగం తిని పక్కన పెట్టేసింది. మధ్యాహ్నమంతా ఫోను చెవినుంచి దిగలేదు. మిన్నెసోటా అమ్మాయికి బాయ్‌ఫ్రెండ్ చెప్పిన జత వద్దని, ఆ అమ్మాయికి నచ్చిందే నిక్షేపంగా తీసుకోమంది. ఒక లారీ డ్రైవరుకి పాత స్కీలే ఇంకో రెండేళ్లు బాగుంటాయి, పోయి వాటికి మైనం పట్టించుకోమంది. ఇలాంటి మాటలు విని ట్రెవర్ మొదట్లో తల పట్టుకునేవాడు. ఆ డ్రైవర్లే తర్వాత తమ్ముళ్లనీ బావమరుదుల్నీ పంపడం చూశాక మానేశాడు.

సాయంత్రం, స్కీ పొరల్ని వేడితో నొక్కి అతికించే ప్రెస్ దగ్గరికి వెళ్లింది. వేడికి జిగురు వాసన ముక్కుపుటాలు అదరగొడుతోంది. ట్రెవర్ గాజు నూలు గుడ్డ పరిచి, దానిమీద చెక్క పలక సర్దుతున్నాడు. ఇంతోడుగా ఉన్నప్పుడు జాకెట్ కాలరు పట్టుకుని ఆమే అతన్ని లిఫ్ట్ కుర్చీలోకి విసిరేసేది. అందుకని యజమాని అయినా ఆమెకతను ఒరేనే.

"ఒరే ట్రెవర్. నీలం పొట్టిదాంట్లో, మడమ వెనక మేపుల్ పలక వేసి రెండు జతలు చెయ్యి."

"రెండా? హాలిస్ ముసలాడు విరగ్గొడతాడని ముందే ఇంకోటా?"

"ఒకటే అతనిది."

ట్రెవర్ చేతులు ఆగాయి. ఆమె మోకాలికేసి చూశాడు, ముఖంకేసి చూశాడు. ఎన్నేళ్లుగానో అడగాలనుకుని అడగనిది అడిగినట్టు, మెల్లగా, ఆమె రోజూ ఫోన్లో అడిగే మాటే అడిగాడు. "సాయంత్రానికి ఎక్కడ నొప్పి, ఆర్డిస్?"

"ఎక్కడా లేదు," అంది ఆమె ఠక్కున.

అందరూ చెప్పే అబద్ధమే ఆమె కూడా చెప్పింది. ట్రెవర్‌కి అర్థమైంది. మోకాలి సంగతి దాస్తోందనుకుని నవ్వుకున్నాడు. ఇన్నేళ్లూ అందరి కాళ్లకీ సరిపడేవి ఏరిపెట్టిన మనిషి తనకోసం ఒక్క అబద్ధం ఆడితే పట్టుకోడానికి మనసొప్పలేదు. రెండు వారాలుగా మెట్లెక్కితే ఎడమ రొమ్ము కింద పిండినట్టవుతోందని ఆమె ఎవరికీ చెప్పలేదు. తనకి తను కూడా సరిగ్గా చెప్పుకోలేదు.

"హాలిస్‌కి ఇప్పుడే చెప్పకు. ఎగురుతాడు, తుంటి జారుతుంది," అని కోటు తొడుక్కుంది. గుమ్మం దగ్గర ఆగింది. "వాణ్ని ఒంటరిగా మాత్రం ఎక్కనివ్వకూడదురా," అని తలుపు వేసుకుని వెళ్లింది.

ఆ ఆదివారం ఉదయం ఆమె వంటింటి కుర్చీలో కూర్చుని ఉండగానే ప్రాణం పోయింది. చర్చి నుంచి వస్తూ రొట్టె ఇవ్వడానికి తలుపు తట్టిన పక్కింటావిడ చూసింది. నిద్రపోతోందనుకుని ముందు మెల్లగా పిలిచిందట. సమాధి దగ్గర ఊరంతా నిలబడింది. ముందు వరసలో సగం మంది ఆమె లిఫ్ట్ కుర్చీ ఎక్కించినవాళ్లే. హాలిస్ టోపీ తీసి, మంచు తల మీద పడుతున్నా మళ్లీ పెట్టుకోలేదు. వెబ్‌సైట్‌లో ఆ ఒక్క వాక్యం ట్రెవర్ చాలా రోజులు తీసేయలేకపోయాడు. ఫోను చేసినవాళ్లు ఆమెని అడిగితే లేదని చెప్పి పెట్టేసేవాడు. చివరికి అతనే సాయంత్రానికి ఎక్కడ నొప్పి అని అడగడం మొదలుపెట్టాడు.

డిసెంబరులో హాలిస్ తన జత కోసం వచ్చాడు. ట్రెవర్ బల్ల మీద వాటిని బిగించి, కొలిచి, రంధ్రాలు వేసి, బూటుని పట్టుకునే బైండింగులు మరలతో బిగించాడు. హాలిస్ నీలం చెక్క మీద బొటనవేలు రాస్తూ నిలబడ్డాడు. అప్పుడు కనబడింది అతనికి, గోడకి ఆనించి ఉన్న ఇంకో జత.

"అదీ ఇలాంటిదేగా. ఎవరిదది?"

ట్రెవర్ చెప్పాడు. ఎక్కువ మాటలు పట్టలేదు.

హాలిస్ అటు నడిచాడు. ఎడమ కాలు ముందు, కుడిది వెనక. ఒకదాని కొస పట్టుకుని, నడుం దగ్గర అరచేత్తో నొక్కాడు. మడమ దగ్గరికి వచ్చేసరికి అది వంగలేదు, చేతిని ఎదురు తన్ని నిలబడింది. మళ్లీ గోడకి ఆనించాడు, పక్కదానితో సరిగ్గా సమానంగా వచ్చేలా.

"శనివారం తొమ్మిదింటికి వస్తాను, బండి నేనే తెస్తాను," అన్నాడు ట్రెవర్ వెనకనుంచి. "ఆమె ఒంటరిగా వద్దంది."

హాలిస్ తల ఊపాడు. తన స్కీలు భుజాన వేసుకుని, గడ్డకట్టిన పెరట్లోకి జాగ్రత్తగా దిగాడు.

ఆ రెండో జత ఇప్పటికీ ఆ గోడకే ఉంది. పైనున్న పల్చటి ప్లాస్టిక్ పొర తీయలేదు, బైండింగుల కోసం ఒక్క రంధ్రమూ వేయలేదు, నీలం రంగు మీద జిగురు మెరుపు అలాగే తడిగా కనిపిస్తుంది.