రింగులో ఉండిపోయిన గలీబు

ఎంబ్రాయిడరీ రింగు మర ఊడిపోయిన రోజే ఆ గుడ్డను మొదటిసారి ముట్టుకున్నాను. అల్మారా దుమ్ము దులుపుతుంటే చెయ్యి తగిలింది. ఇత్తడి మర కిందపడి ఎటో దొర్లిపోయింది. బయటి చట్రం వదులై, నా భార్య సగం కుట్టిన దిండు గలీబు జారి నేల మీద పడింది. జతలో మొదటిది ఆమె పూర్తి చేసింది. రెండోది సగంలో ఉండగానే కన్నుమూసింది. ఆమె ఎలా పెట్టిందో అలాగే ఉండాలని ఇన్నాళ్లూ దాన్ని కదపలేదు.

గుడ్డ మీద గుండ్రంగా నల్లటి చార పడి ఉంది. అది పోకపోతే ఆమె పని నా చేతుల్లో పాడైనట్టే. పక్క వీధిలో ఉండే ఆమె అక్కను పిలిచాను. వదిన గుడ్డను వెలుతురులో పట్టి చూసింది.

"కుట్టడం ఆపిన పూట రింగు తీసెయ్యాలి మాస్టారూ. లేకపోతే ఇదిగో, ఇలా చార పడుతుంది."

"ఎవరూ తాకకూడదనుకున్నాను వదినా."

"పాపం, ఆ సంగతి గుడ్డకు తెలీదుగా."

గోరువెచ్చని సబ్బు నీళ్లతో, రుద్దకుండా అద్దింది. ఆరాక వెనకవైపు నుంచి ఇస్త్రీ చేసింది. చార దాదాపు పోయింది. నా ప్రాణం కుదుటపడింది.

"మిగతాది నేను కుడతాను. నేర్పండి" అన్నాను.

అల్మారా కింద చీపురు పెట్టి లాగితే మర దొరికింది. లోపలి చట్రానికి పాత నూలుగుడ్డ పీలిక చుట్టించింది. అలా చేస్తే గుడ్డ జారదట, నొక్కులూ పడవట. మరను ఎడమవైపు పైకి పెట్టమంది. కుట్టే దారం దానికి చిక్కుకోదట.

"ఇక బిగించండి. అబ్బా, పిల్లాడి చెవి మెలేసినట్టు మెలేస్తారేంటి! కాస్త బిగించి, గుడ్డ లాగి, మళ్లీ కాస్త."

నేను మూలలు పట్టి లాగాను. అలాగే ఒక ఆకు కుట్టాను. రింగు తీయగానే ఆకంతా ముడతలు.

"ఇదేంటి, ఎవరో తిట్టినట్టు మూతి ముడుచుకుంది?" వదిన పడీ పడీ నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఈ ఇంట్లో నవ్వు వినపడి చాలాకాలమైంది.

"ఐమూలగా లాగితే గుడ్డ సాగిపోతుంది. నిలువు పోగు వెంట, అడ్డ పోగు వెంట లాగాలి. విప్పండి ఆ ఆకుని."

విప్పాను. మళ్లీ బిగించి వేలితో కొడితే గుడ్డ డప్పులా పలికింది.

ఇప్పుడు బడి నుంచి రాగానే కిటికీ దగ్గర కూర్చుంటాను. వెలుతురు తగ్గగానే మర వదులుచేసి రింగు తీసేస్తాను. మొదట్లో అదే కష్టంగా ఉండేది. ఇప్పుడు వదులైన గుడ్డ చేతికి మెత్తగా తగిలితే బాగుంటుంది. ఆకులన్నీ అయిపోయాయి. నా కుట్లు ఆమె కుట్ల కంటే కొంచెం పొడుగు, అయినా ఆమె గీసిన గీత దాటలేదు.

ఆమె ఎర్ర దారం ఎక్కించి వదిలిన సూదిని, గుడ్డకు తుప్పు మరక అంటకుండా, దూదిమెత్తలో గుచ్చి ఉంచాను. ఆ దారంతో కుట్టాల్సిన మొగ్గ ఇంకా కుట్టలేదు.