మచ్చ కాదు, గ్రహం

"రోజంతా తెర మీద గీతలు చూసుకునే ఉద్యోగానికి ఇంత అలసటేంటో!" అంది అత్తగారు, బఠాణీలు ఒలుస్తున్న కోడలి వంక చూస్తూ.

కోడలు బఠాణీల గిన్నె దగ్గరకు లాక్కుంది. బదులు చెప్తే మాటకు మాట పెరుగుతుంది, ఉన్న ఒక్క సెలవూ పాడవుతుంది. ఆమె నక్షత్రాలను పరిశీలించే వేధశాలలో పనిచేస్తుంది. మనకు దగ్గర్లోనే, అచ్చం సూర్యుడిలాంటి నక్షత్రం ఒకటుంది. దాని చుట్టూ తిరిగే గ్రహం కంటికి కనబడదు. అది లాగుతుంటే నక్షత్రం కాస్త అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊపును బట్టే గ్రహం ఉందని తెలుస్తుంది. నక్షత్రం మీది మచ్చల వల్ల, పరికరాల వల్ల వచ్చే తప్పుడు ఊపులన్నీ ఏరి పారేసి లెక్క శుభ్రం చేయడం ఆమె వంతు. పేరు రావడం అక్కడి పెద్దసారు వంతు.

పెద్దసారు ఒకటే భారీ గ్రహం ఉందని, అది కోలగా సాగిన దారిలో తిరుగుతోందని తేల్చేశారు. ఆమెకు మాత్రం మనసొప్పలేదు. ఎంత ఏరినా చిన్న ఊపొకటి మిగిలిపోతోంది. రెండు భారీ గ్రహాలు గుండ్రటి దారుల్లో తిరుగుతున్నాయనుకుంటే లెక్క చక్కగా అతుకుతోంది. ఆ మాట మీటింగులో చెబితే ఆయన నవ్వారు.

"అది మచ్చేనమ్మా. నువ్వు సరిగ్గా తీసుండవు. మళ్ళీ చెయ్."

అందరూ నవ్వారు. ఆమె మళ్ళీ చేసింది. రెండోది మరింత స్పష్టంగా కనిపించింది.

పట్టలేని సంతోషంతో మొగుడికి చెప్పుకుంది. "ఒకటైతేనేం, రెండైతేనేం? ఆయనతో పెట్టుకోకు. అన్నట్టు నా నీలం చొక్కా ఇస్త్రీ చేశావా?" అన్నాడతను. చేసింది. అంత పెద్ద గ్రహం దొరికితే చెప్పుకోవడానికి ఒక్క మనిషి లేడే అని, ఇస్త్రీపెట్టె పక్కన నిలబడి ఏడ్చింది.

మర్నాడే వేధశాలలో గ్రహం దొరికిందని ప్రకటన. హాలు నిండుతుండగా పెద్దసారు ఆమెను గదిలోకి పిలిచారు.

"ఆ మిగిలిన ఊపు తీసేసి ఫైలు ఇవ్వు. త్వరగా."

"తియ్యనండీ. అది గ్రహం. మీరు ఒకటేనని చెబితే, రెండోది ఉందని నేను లేచి చెప్తాను."

ఆయన కళ్లజోడు తీసి ఆమెను ఎగాదిగా చూశారు. "నువ్వు చెబితే ఎవరు నమ్ముతారు?"

"నమ్మక్కర్లేదండీ. లెక్క వేసుకుంటే చాలు," అని ఆమె హాల్లోకి వెళ్లి, మైకుకు దగ్గరగా ఉన్న కుర్చీ చూసుకుని కూర్చుంది.