రెండోసారి అడగని ఊళ్లో

పారమట్టా స్టేషన్ మెట్లు దిగగానే ఎదురుగోడ నిండా శ్రీదివ్య ఉంటుంది. కుడిచెయ్యి వెనక్కి లాగి, జావెలిన్ మొన పైకెత్తి, నోరు బార్లా తెరిచి. కింద ఆమె చదివే యూనివర్సిటీ పేరు. పేరు ఎంత పెద్దక్షరాల్లో ఉన్నా కన్ను ముందు ఆ పిల్ల మొహం మీదికే పోతుంది.

"నోరు మూసుకున్న ఫోటో ఒక్కటి దొరకలేదా వాళ్లకి? ఎవరినో తిడుతున్నట్టుంది," అని తల్లి లీల మొదట్లో గొణిగింది. తర్వాత ఆవిడే ఆ గోడ ముందు నిలబడి ఫోటో తీయించుకుని సముద్రాలవతల కాకినాడలో ఉన్న అక్కచెల్లెళ్లందరికీ పంపింది.

తండ్రి శ్రీపతి హారిస్ పార్క్‌లో ఒక హోటల్లో వంటమాస్టరు. గిరావీన్ నుంచి ఆయన ఎక్కే రైలు హారిస్ పార్క్‌లోనూ ఆగుతుంది. అయినా ఒక స్టేషన్ ముందే దిగి, కూతురి బొమ్మ చూసుకుని, మిగతా దూరం నడిచి వెళ్లేవాడు. ఇరువైపుల వంశాల్లోనూ కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి శ్రీదివ్య. అలాంటి పిల్ల గోడంత అయింది. ఆమాత్రం నడక ఆయనకి కష్టమనిపించలేదు.

ఆదివారం ఆ హోటలుకి టిఫినుకి వచ్చే జనార్దనరావు గారు ఎముకల డాక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. వంటగది కిటికీలోంచే పలకరించేవారు.

"ఏమయ్యా శ్రీపతీ, మీ అమ్మాయి పొద్దున్నే నా మీదికి బల్లెం ఎత్తింది. నేనేం పాపం చేశానయ్యా?"

"మీరు టిప్పు ఇవ్వట్లేదని నేనే చెప్పానండి."

ఆయన భార్య శేషుకుమారి గారు ఒక ఆదివారం సూటిగా అడిగారు. "ఊరంతా అతికించారు కదా, పిల్లకి ఏమైనా ఇచ్చారా?"

"ఇచ్చేదేముందండీ. పేరొచ్చింది."

"అదీ మాట! చదువుకునే పిల్లలకి డబ్బెందుకు? ఆడనిచ్చారు, చదువు చెప్పారు, చాలదూ?" అన్నారు డాక్టరు గారు.

"మీ క్లినిక్ బోర్డు మీద మీ ఫోటో వేయించుకున్నారు. అది చూసి వచ్చినవాళ్ల దగ్గర ఫీజు మానేశారా?" అన్నారావిడ.

"అది నా క్లినిక్కే!"

"నేననేదీ అదే. యూనివర్సిటీ ఈ పిల్లది కాదు. మొహం మాత్రం పిల్లది."

శ్రీపతి నవ్వి పెనం వైపు తిరిగిపోయాడు. ఆ నవ్వు పూర్తిగా నవ్వు కాదు. ఇస్తామన్న సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు.

ఫోటోలు తీయడానికి ముందు యూనివర్సిటీ పబ్లిసిటీ విభాగం నుంచి కర్స్టీ అనే ఆవిడ వాళ్లింటికి వచ్చింది. శ్రీదివ్యే భోజనానికి పిలిచింది. శ్రీపతి పెసరట్లు వేస్తున్నాడు. కర్స్టీ మొదటిది తింటూ విషయం చెప్పింది. ఇంతవరకు ఆటగాళ్ల బొమ్మలు వాడుకున్నందుకు యూనివర్సిటీ ఎవరికీ ఏమీ ఇవ్వలేదు, అది సబబు కాదని తన అభిప్రాయం. శ్రీదివ్యతో మొదలుపెట్టి ఫీజు ఇవ్వాలని పైవాళ్లని ఒప్పించింది. మీకు సమ్మతమేనా?

శ్రీదివ్య తండ్రి వైపు చూసింది. ఆ ఇంట్లో ముందు పెద్దవాళ్లే జవాబు చెప్తారు.

"నో, నో, మేడమ్. మనీ ఎందుకు? యూ ఈట్, యూ ఈట్," అన్నాడు శ్రీపతి.

ఆయన వద్దనలేదు. వద్దనడం మొదలుపెట్టాడంతే. ఆయన తండ్రి కూడా పెళ్లిళ్లకి వంటచేసినవాడే. పెళ్లివారు డబ్బు చేతికివ్వబోతే "ఉండనివ్వండి బాబూ" అని వెనక్కి జరిగేవాడు. వాళ్లు ఊరుకునేవారు కాదు. "భలేవాడివే" అని వెంటపడి జేబులో కుక్కేవారు. ఇచ్చేవాళ్ల మర్యాద, పుచ్చుకునేవాళ్ల మర్యాద ఆ పెనుగులాటలోనే తేలేవి. అడగ్గానే సరే అనడం శ్రీపతికి ఎవరూ నేర్పలేదు.

కర్స్టీ శ్రీదివ్య వైపు తిరిగింది. "వాటెవర్ డాడ్ సేస్," అంది పిల్ల మెల్లిగా. కర్స్టీ గుండెమీద చెయ్యి పెట్టుకుని, ఎంత పెద్దమనసండీ మీది, అంది. శ్రీపతి ఆమె ప్లేటులో రెండో పెసరట్టు వేసి, చట్నీ వేసి, అట్లకాడ పట్టుకుని నిలబడ్డాడు. ఆమె అల్లం చట్నీ ఎలా చేస్తారని అడిగింది. వాన సంగతి మాట్లాడింది. వెళ్లిపోయింది.

"మళ్లీ అడుగుతుందిలే," అన్నాడు తలుపు వేస్తూ.

"అడగరు నాన్నా. ఇక్కడ నో అంటే నో."

"చాల్లేవే. అంత మర్యాదస్తురాలు, ఒక్కసారి అడిగి ఊరుకుంటుందా?"

మర్యాదస్తురాలు కాబట్టే ఊరుకుంది.

బొమ్మ స్టేషన్ నుంచి బస్సులకి, బస్సుల నుంచి ఫోన్లకి పాకింది. హైదరాబాదులో విదేశీ చదువుల మేళాలో నిలువెత్తు శ్రీదివ్య పక్కన నిలబడి లీల తమ్ముడి కొడుకు సెల్ఫీ పంపాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే, గోల్డ్‌కోస్ట్‌లో యూనివర్సిటీల పోటీల్లో విసురుతుండగా ఆమె మోచేతిలో ఏదో తెగింది. "టప్పుమని నాకే వినిపించింది," అని తల్లికి ఫోన్లో చెప్పింది.

జనార్దనరావు గారు స్కాన్ చూశారు. ఆయన హాస్యాలాడని ఆదివారం అదొక్కటే.

"ఆపరేషన్ త్వరగా జరగాలి శ్రీపతీ. జరిగితే మళ్లీ విసురుతుంది. ఆలస్యమైతే రాసుకోవడానికి, బండి నడపడానికి చెయ్యి బాగానే ఉంటుంది. జావెలిన్‌కి మాత్రం పనికిరాదు."

ప్రభుత్వాసుపత్రిలో పెద్ద వరస ఉంది. ప్రాణం మీదికి వచ్చినవాళ్లు ముందు, మోచేతులు వెనక. ప్రైవేటులో చేయించడానికి ఇన్సూరెన్స్ లేదు. ఇంటి అప్పు మీద ఇంకో అప్పు ఇవ్వనంది బ్యాంకు. ఆటలో ఉన్నన్నాళ్లే ఇచ్చే స్కాలర్‌షిప్ ఆట ఆగగానే ఆగిపోయింది. గోడ మీద శ్రీదివ్య మాత్రం విసురుతూనే ఉంది.

"వెళ్లి అడుగుదాం పదవే," అన్నాడు శ్రీపతి.

"ఇప్పుడా?"

"ఇప్పుడే. వాళ్లు ఇస్తామన్నదే కదా."

ఇస్త్రీ చొక్కా వేసుకుని, తనే చేసిన కాజాల డబ్బా పట్టుకుని యూనివర్సిటీకి వెళ్లాడు. కట్టు కట్టిన చేత్తో శ్రీదివ్య పక్కన కూర్చుంది. కర్స్టీ లేచి వచ్చి ఇద్దరినీ పలకరించింది, చేతికేమైందో అడిగింది, కళ్లు తడిచేసుకుంది. శ్రీపతి దారంతా కూడబలుక్కున్న ఇంగ్లీషులో అడిగాడు. ఆ రోజు మీరు చెప్పిన ఫీజు, ఇప్పుడు మా అమ్మాయి చేతికి అవసరమైంది.

కర్స్టీ కాజాల డబ్బా వైపు చూసింది.

అప్పుడు మీరు వద్దన్నారు, అంది. నేను పైవాళ్లకి అదే చెప్పాను. వాళ్లు సంతోషించారు. ఒక వంటమనిషి కూతురే డబ్బు వద్దంటే మిగతావాళ్లకి ఎందుకివ్వాలని అడిగారు. ఆ తర్వాత పడవ నడిపే అబ్బాయి, ఈత కొట్టే ఇద్దరమ్మాయిలు, అందరూ ఉచితంగానే ఒప్పుకున్నారు. ఆ పద్దే తీసేశారు. ఇప్పుడు నేను అడిగినా ఇవ్వరు.

శ్రీపతి మళ్లీ అడిగాడు. ఇంకోసారీ అడిగాడు. ప్రతిసారీ ఆమె అదే జవాబు ఇంకాస్త మెత్తగా చెప్పింది. పోనీ బొమ్మయినా తీసేయమన్నాడు. వాడుకోవడానికి ఒప్పుకున్న గడువు ఇంకా ఉందంది. లేచేటప్పుడు శ్రీపతి కాజాల డబ్బా ఆమె వైపు జరిపాడు. ఆమె థాంక్యూ అని తీసుకుంది, ఒక్కమాటకే.

రైల్లో తండ్రీకూతుళ్లు పక్కపక్కనే కూర్చున్నారు.

"ఆ ఈత కొట్టే పిల్లలు నన్నడిగారు నాన్నా, నీకెంతిచ్చారని. నథింగ్ అన్నాను. దే థాట్ ఐ వాజ్ లైయింగ్."

"నా మాట పట్టుకుని వాళ్లకీ లేకుండా చేశారంటే..." శ్రీపతి ఆగిపోయాడు. "నన్ను తిట్టవే."

"ఎందుకు? నువ్వు బాగానే మాట్లాడావు. ఊరే వేరు. రాంగ్ సబర్బ్, అంతే."

ఆమె నవ్వింది. తిట్టినా బావుండేది.

పారమట్టాలో రైలు ఆగింది. ఇద్దరూ కిటికీ వైపు తల తిప్పలేదు. ఆ తర్వాత శ్రీపతి ఆ స్టేషన్‌లో దిగడం మానేశాడు.

ఆపరేషన్‌కి పిలుపు వచ్చేసరికి డాక్టరు గారు చెప్పిన వ్యవధి ఎప్పుడో దాటిపోయింది. అయినా చేశారు. చెయ్యి బాగుంది. రాస్తుంది, జడ వేసుకుంటుంది. జావెలిన్ బూట్లు ఎవరో జూనియర్‌కి ఇచ్చేసింది. స్కూళ్లలో ఆటల టీచరు అవుతానంటోంది. యూనివర్సిటీ వాళ్లు కొత్త పిల్లని వెతుక్కున్నారు. హ్యామర్ విసిరే అమ్మాయి, మౌంట్ డ్రూయిట్ నుంచి. ఆ అమ్మాయి తల్లి ఫోన్ చేసి, మీకు ఏమైనా ఇచ్చారా అని శ్రీదివ్యని అడిగింది. శ్రీదివ్య ఫోన్ తండ్రికి ఇచ్చింది.

"దే గివ్, మేడమ్. ఐ సెడ్ నో," అన్నాడు శ్రీపతి. "యూ ఆస్క్. దే సే నో, యూ ఆస్క్ ఎగైన్." తనకి పనికిరాని మాటే చెప్తున్నానని తెలుస్తూనే ఉంది. ఫోన్ పెట్టేసి చాలాసేపు పిండి కలుపుతూ నిలబడ్డాడు.

మర్నాడు ఉదయం శ్రీదివ్య టీచర్ ట్రైనింగుకి మొదటిరోజు వెళ్లాలి. రెండు పెసరట్లు తింది. శ్రీపతి మూడోది అట్లకాడ మీద తెచ్చాడు.

"ఇంకోటి వెయ్యనా?"

"వద్దు నాన్నా."

ఇదివరకైతే "తినవే" అంటూ వేసేసేవాడే. చెయ్యి ప్లేటు దాకా వెళ్లి ఆగిపోయింది. ఇరవై రెండేళ్లుగా పెంచిన పిల్ల. ఆ వద్దు ఎలాంటి వద్దో తెలియలేదు.

"నిజంగానే వద్దా?"

శ్రీదివ్య తలెత్తి చూసింది. ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అడగని ప్రశ్న అది.

"నిజంగానే," అంది.

శ్రీపతి పెసరట్టు వెనక్కి తీసుకెళ్లి పెనం అంచున పెట్టాడు. ఆమె బ్యాగు ఎడమ భుజానికి తగిలించుకుని బయల్దేరింది. తలుపు చప్పుడయ్యాక కూడా ఆయన అట్లకాడ పట్టుకుని అక్కడే నిలబడి, ఆ మాట నిజమేనా అని ఆలోచిస్తూ ఉండిపోయాడు.