మూడో అంతస్తు నారు

ఏప్రిల్‌లో చల్లిన గింజలు మే ముగిసేసరికి ఇంట్లో కిటికీలన్నీ ఆక్రమించాయి. వంటల్లో చల్లుకునే ఆకుమొక్కలు బేసిల్, పార్స్‌లీ, థైమ్, అన్నీ కలిపి పదకొండు ట్రేలు. గింజలు వేసింది అక్క సైమి. మోసేది చెల్లెలు హిల్లెవి. తుంటి ఆపరేషన్ అయ్యాక సైమి కుర్చీ దిగడం గగనమైంది, నోటికి మాత్రం ఏ ఆపరేషనూ కాలేదు.

నారు బయటి గాలికి అలవాటు పడాలి కదా. పది రోజులుగా హిల్లెవి ఆసుపత్రి లాండ్రీలో పని ముగించుకొచ్చి, ట్రేలన్నీ కిందికి దించి, రెండు గంటలు ఎండ చూపించి, మళ్ళీ పైకి మోస్తోంది. మూడో అంతస్తు. లిఫ్టు లేదు.

"పార్స్‌లీ ట్రే వంకరగా పెట్టావే."

"నా నడుమే వంకర పోయింది అక్కా. కాసేపు ఊరుకో."

శనివారం పొద్దున ఆమె ట్రేలన్నీ సైకిల్ బండికెత్తింది.

"ఇవాళ నాటేస్తున్నా."

"ఒక్క వారం ఆగవే! జూన్ మొదట్లో మన కువోపియో ఊరి చలిని నమ్మకూడదు. బేసిల్ ప్రాణం మీదికొస్తుంది."

"నా ప్రాణం మీదికి ఎప్పుడో వచ్చింది."

ఊరి చివర తోటలో మధ్యాహ్నానికల్లా నారంతా నాటి, నీళ్ళు పోసి, బోర్లించిన బకెట్ మీద కూలబడింది. మంచు పడకుండా కప్పే గుడ్డ పది అడుగుల దూరంలో సామాన్ల కొట్లోనే ఉంది. లేవాలనుకుంది. లేవలేదు.

ఆ రాత్రి మంచు కురిసింది. సోమవారం పనికి వెళ్తూ తోటలో చూస్తే బేసిల్ మొత్తం నల్లబడి, ఉడికించిన ఆకుకూరలా నేలకంటుకుపోయింది. థైమ్, పార్స్‌లీ మాత్రం నిలబడ్డాయి. ఆ రోజంతా దుప్పట్లు మడతపెడుతూ అక్కకెలా చెప్పాలా అని ఆలోచించింది. చివరికి గుమ్మంలోనే చెప్పేసింది.

"గుడ్డ కప్పలేదా?"

"లేదు. లేవలేకపోయాను."

సైమి చాలాసేపు చెల్లెలి ఉబ్బిన చేతివేళ్ళ వంక చూసింది.

"ఇన్నాళ్ళూ నావల్ల కాదని సూటిగా ఒక్కసారీ అనలేదేమే?"

"నువ్వు అడిగావా?"

"వచ్చే ఏడు నాలుగు ట్రేలు చాలు," అంది సైమి.

"రెండు."

"సరే, రెండే."

హిల్లెవి బూట్లయినా విప్పకుండా సోఫాలో వాలి నిద్రపోయింది. సైమి కర్ర ఊతంతో లేచి, మెల్లగా స్టవ్ దగ్గరికి నడిచి, బంగాళదుంపలు ఉడకేసింది. ఆ వేసవంతా వాటి మీద చల్లుకోవడానికి పార్స్‌లీ, థైమ్ మాత్రమే దక్కాయి. అయినా బేసిల్ ఊసు ఆమె మళ్ళీ ఎత్తలేదు.