యాభై రెండు సెకన్లు

అమెరికాలో ఎవరు దేశభక్తులో, ఎవరు ద్రోహులో తేల్చే పని ఉదయగిరిలో రూబీ మీద పడింది. ఉద్యోగం అలాంటిది. ఆ దేశం వాళ్ళు ఇంటర్నెట్‌లో పెట్టే ఫొటోలు ఇంట్లో ఆమెకి కంపెనీ ఇచ్చిన లాప్‌టాప్‌కి వస్తాయి. కింద మూడు బటన్లు: దేశభక్తి, నిరసన, ద్రోహం. ఒక్కో ఫొటోకి నలభై సెకన్లు. మూడో బటన్ నొక్కితే ఆ మనిషి అకౌంటు మూతపడుతుంది. బీటెక్‌లో ఇలాంటి సబ్జెక్టు లేదు గానీ, కంపెనీ వాళ్ళు నలభై రెండు పేజీల రూల్సు పుస్తకం ఇచ్చారు. జెండా గుడ్డతో చెడ్డీ కుట్టించుకుని పెరట్లో మాంసం కాల్చుకుంటే అది దేశభక్తి. జెండానే కాలిస్తే నిరసన. మొదటి వారం నవ్వొచ్చేది. రెండో ఏడాదికి చెడ్డీ కూడా మామూలైపోయింది.

నిన్న మధ్యాహ్నం ఒక ముసలాయన ఫొటో వచ్చింది. ఒహాయోలో ఇల్లు, నెత్తిన పాత మిలిటరీ టోపీ, వెనక వరండా స్తంభానికి తలకిందులుగా కట్టిన జెండా. ‘నా దేశాన్ని చూస్తే నాకు భయమేస్తోంది’ అని రాసుకున్నాడు. రూబీ రూల్సు పుస్తకం తెరవలేదు. తలకిందుల జెండా అంటే ఏంటో తనింట్లో ఎవరూ పుస్తకం చూసి తెలుసుకోనక్కర్లేదు. మూడు సెకన్లలో ద్రోహం నొక్కేసింది.

ఇవాళ ఆయన అప్పీలు తిరిగి ఆమె దగ్గరికే వచ్చింది. ‘ఇరవై రెండేళ్ళు సైన్యంలో చేశాను. ప్రాణం మీదికి వస్తే జెండా తలకిందులుగా కట్టమని నాకు నేర్పింది సైన్యమే. నేను సాయం అడిగాను, అంతే. మా దళంలో ఇంకా పదకొండు మందిమి మిగిలాం. ఈ అకౌంటు పోతే వాళ్ళతో మాట్లాడే దారి నాకు లేదు.’

అప్పుడు తెరిచింది పుస్తకం. ముప్పై ఒకటో పేజీలో బుద్ధిగా ఉంది. తలకిందుల జెండా ఆపద గుర్తు, నిరసన కింద వెయ్యాలి.

ఆత్మకూరు ఆఫీసు నుంచి టీమ్ లీడర్ హర్ష ఫోన్ చేశాడు.

“రూబీ, ఆ ముసిలోడి అప్పీలు నీకాడే ఉండాది. పాత నిర్ణయం సరైందేనని కొట్టి పంపించెయ్.”

“సరైంది కాదు హర్షా. నేనే తప్పు కొట్టినాను.”

“అయితే ఏందిమే? నీ స్కోరు నూటికి తొంభై అయిదు మీద వెంట్రుకవాసిలో ఉండాది. తప్పని ఒప్పుకుంటే కిందికి పోతాది. కిందికి పోతే ఉద్యోగం పోతాది, సిస్టమ్ వెనక్కిచ్చేయాల. పైవోళ్ళు నా మాట కూడా వినరు.”

“మరి ఆయన అకౌంటో?”

“ఆయనేమన్నా నీ మేనమామా? దేశం వాళ్ళది, ఉద్యోగం మనది. అన్నం తిన్నావా?”

“తిన్నా.”

“అయితే కొట్టెయ్.”

గడప దగ్గర రూబీ తండ్రి జోసెఫ్ కూలికి చెక్క గరిటెలు నునుపు చేస్తున్నాడు, ఉప్పుకాగితంతో గరగరమని రుద్దుతూ. మొన్న జనవరి దాకా ఆయన బడిలో డ్రిల్లు మాస్టారు. రిపబ్లిక్ డే నాడు బంతిపూల రేకులు పెట్టి జెండా మడిచి ముడివేసింది ఆయనే. తాడు లాగారు, పూలు రాలాయి, పిల్లలు చప్పట్లు కొట్టారు, జెండా ఆకుపచ్చ పైకొచ్చి విచ్చుకుంది. జోసెఫ్ చూశాడు. అప్పటికే పిల్లలు జనగణమన ఎత్తుకున్నారు. యాభై రెండు సెకన్లూ చెయ్యి దించకుండా సెల్యూట్‌లో నిలబడ్డాడు. ఎవరో తీసిన వీడియోలో ఆ నిలబడటమే ఉంది. ‘తలకిందుల జెండాకి సెల్యూట్ కొట్టిన దేశద్రోహి’ అని అది జలదంకి దాకా తిరిగింది. ‘చర్చికి పోయేవాళ్ళకి మన జెండా ఏం తెలుస్తాది’ అని కింద కామెంట్లు. బడి వాళ్ళు ఆయన్ని ఇంట్లో ఉండమన్నారు. ఇంకా ఉన్నాడు.

ఇన్నాళ్ళూ అడగని మాట రూబీ అడిగింది. “నాయనా, పాట ఆపించి జెండా దించేసుంటే పొయ్యేది గదా.”

జోసెఫ్ గరిటె మీద పొడి ఊదాడు. “జనగణమన వస్తా ఉంటే చెయ్యెట్టా కదిలిస్తారు పాపా? ముక్కు మీద ఈగ వాలినా కదలొద్దని పిల్లకాయలకి నేర్పించినోణ్ణి నేనే గదా.”

“ఆ ముక్క బడికిచ్చిన లెటర్‌లో రాయలేదా?”

“క్షమించమని రాయమన్నారు, రాసినాను. ఎందుకు నిలబడ్డావని ఎవురూ అడగలా.”

గరగర మళ్ళీ మొదలైంది. రూబీ కాసేపు ముసలాయన టోపీ చూసింది. తర్వాత ‘నిర్ణయం తప్పు’ నొక్కింది. కారణం రాయమని ఒక గడి తెరుచుకుంది. ‘తలకిందుల జెండాకి మా ఇంట్లో వేరే అర్థం ఉంది. అందుకని పుస్తకం చూడలేదు. ఆయన తప్పేం లేదు’ అని ఇంగ్లీషులో రాసి పంపించింది. ఒహాయోలో అకౌంటు తెరుచుకుంది. ఇక్కడ స్కోరు తొంభై నాలుగు చిల్లరకి దిగింది.

హర్ష మెసేజి వెంటనే వచ్చింది. ‘సోమవారం సిస్టమ్ తీసుకోని ఆత్మకూరు రా. చార్జర్ మర్చిపోవాకు.’

షిఫ్టు ఇంకా గంటన్నర ఉంది. తర్వాతి ఫొటోలో ఒకాయన జెండా చెడ్డీతో మాంసం కాలుస్తున్నాడు. రూబీ దేశభక్తి నొక్కి ఆవలించింది.

“నాయనా, సోమవారం నించి నాకూ ఒక ఉప్పుకాగితం తెచ్చిపెట్టు.”

“నీకు చేతకాదు పాపా, చేతులు కాయలు కాస్తాయి” అన్నాడు జోసెఫ్, తలెత్తకుండానే. కానీ పక్కకి జరిగి గడప మీద కాస్త చోటిచ్చాడు.