గ్లాసుల కాపలా

“నువ్వెలాగూ డ్యాన్స్ చెయ్యవుగా, వీళ్ల బ్యాగులు చూస్తూ కూర్చో,” అన్నాడు మా ఆయన. అడగలేదు, చెప్పాడు. వాళ్ల ఆఫీసు పార్టీ. హోటల్ హాల్లో ఓ మూల బల్ల, దాని మీద ఆడవాళ్ల బ్యాగులు, ఫోన్లు, సగం తాగిన గ్లాసులు, వాటి వెనక నేను. ఇంట్లో గ్యాస్ కట్టేశారా, తలుపు గడియ పెట్టారా అని కాపలా కాసేది నేనే. జీతం లేని ఉద్యోగం కదా, బయటికొచ్చినా సెలవు దొరకలేదు. “మా ఆవిడకి ఈ గోలంతా పడదు సార్,” అని తన మేనేజరుతో నవ్వుతూ చెబుతున్నాడు. పడదని ఈయనకెవరు చెప్పారో! పెళ్లికి ముందు నేను గంతులేస్తే హాస్టల్లో కింది గదివాళ్లు పైకొచ్చి కొట్లాడేవారు.

అందరూ నన్ను ఆంటీ అంటుంటే, కొత్తగా చేరిన అమ్మాయొక్కతే అక్కా అంది. “నేను మందు తాగనక్కా, ఇది ఉత్తి ఆరెంజ్ జ్యూసు. కాస్త చూస్తుంటారా? ఎవర్నీ ముట్టుకోనివ్వకండి,” అని గ్లాసు నా ముందు పెట్టి వెళ్లింది. నేను ఆ గ్లాసు మీద సాసర్ బోర్లించాను.

కాసేపటికి మేనేజరు కౌంటర్ దగ్గర కనిపించాడు. వెయిటర్లు తిరుగుతూనే ఉన్నారు, ఈయనకి ఆ శ్రమెందుకు? గ్లాసులో జ్యూసు పోయించుకున్నాడు. డ్యాన్స్ చేసేవాళ్ల వైపు వీపు తిప్పి, జేబులోంచి చిన్న పొట్లం తీసి అందులో వంచి, స్ట్రాతో కలిపాడు. వెంటనే ‘నీకన్నీ అనుమానాలే’ అనే మా ఆయన మాట చెవిలో మోగింది. అంత పెద్దమనిషి, ఏ మందుపొడో వేసుకుంటున్నాడేమో అనుకున్నాను. అలా అనుకునే లోపే ఆ గ్లాసు డ్యాన్స్ చేస్తున్న ఆ కొత్త అమ్మాయి చేతిలో ఉంది. నేను జనాన్ని తోసుకుంటూ చేరేసరికి సగం తాగేసింది.

గ్లాసు లాక్కుని, ఆమెను బల్ల దగ్గరికి తెచ్చి కూర్చోబెట్టాను. ఎంతోసేపు పట్టలేదు. “అక్కా, కాళ్లు తేలిపోతున్నాయి,” అంది. నాలుక మొద్దుబారింది, మెడ వాలిపోయింది. నోటి దగ్గర మందు వాసన లేనే లేదు.

“పాపం, ఎక్కువైంది. నా కార్లో దింపేస్తాలే,” అంటూ మేనేజరు ఆమె జబ్బ పట్టుకున్నాడు.

“సార్ దింపుతార్లే, నువ్వు కూర్చో,” అన్నాడు మా ఆయన.

“చెయ్యి తియ్యండి!” అని అరిచాను. పాటని మించి వినబడింది నా గొంతు. “తాగింది ఆరెంజ్ జ్యూసు. అది ఎక్కువైతే కడుపుబ్బుతుంది గానీ, మెడ వాలిపోదు. ఇందులో ఏం కలిపారు?”

మేనేజరు గ్లాసు కోసం చెయ్యి చాపాడు. దాన్ని గుండెలకి హత్తుకున్నాను. డ్యాన్స్ ఆగిపోయింది. తమ బ్యాగులు నాకిచ్చి వెళ్లిన ఆడవాళ్లంతా వచ్చి అతనికీ ఆ అమ్మాయికీ మధ్య నిలబడ్డారు. ఒకామె అంబులెన్సు పిలిచింది, ఒకామె పోలీసులకి ఫోన్ చేసింది. కెమెరా రికార్డింగ్ చెరపొద్దని హోటల్ వాళ్లకి గట్టిగా చెప్పాను. వాంతి వస్తే ఊపిరాడదని అమ్మాయిని పక్కకి తిప్పి పడుకోబెట్టాం. మేనేజరు జారుకోబోతే గుమ్మం దగ్గర సెక్యూరిటీ ఆపేశాడు.

“నీకేమైనా పిచ్చా? ఆయన నా మేనేజరు!” అన్నాడు మా ఆయన.

“అందుకే మీ నోరు పెగల్లేదు. నాకు మేనేజరు లేడుగా!”

ఆసుపత్రిలో వెంటనే రక్తం, మూత్రం పరీక్షకి తీశారు. “మంచిపని చేశారమ్మా, ఆలస్యమైతే ఇలాంటి మత్తుమందులు పరీక్షలో దొరకవు. ఇక భయం లేదు,” అంది డాక్టరమ్మ. ఆ అమ్మాయి నా వేలు పట్టుకుని నిద్రపోతోంది. ఎంత సంతోషమేసిందో! ఈ వయసులో గంతులెయ్యాలనిపించింది.

పోలీసు అధికారిణి వరండాలోకి వస్తుంటే మా ఆయన నా చెవి దగ్గర గొణిగాడు. “సరిగ్గా చూళ్లేదని ఒక్క మాట అను. నా ప్రమోషన్ పోతుంది.” బ్యాంకులో, బడిలో, చివరికి నా ఒంటి నొప్పి గురించి డాక్టరడిగినా, ‘నాకేం తెలుసు, ఆయన్నడగండి’ అంటూ ఇన్నేళ్లూ గడిపేశాను. ఆ అధికారిణి కూడా అలవాటుగా ముందు ఆయన వైపే తిరిగింది.

“మా ఆవిడకి చూపు సరిగ్గా ఆనదు మేడమ్...”

“ఆయన్ని వదిలెయ్యండి మేడమ్,” అన్నాను. “చూసింది నేను. నన్నడగండి.”